ఏ బటన్ నొక్కినా 204: జావాస్క్రిప్ట్‌లో వేరియబుల్ పరిధి

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గరున్న ఒక చిన్న లాడ్జి వారికి వెబ్ పేజీ చేసి ఇస్తున్న రోజుల్లో, వేరియబుల్ స్కోప్, అంటే విలువను దాచుకునే పేరు ప్రోగ్రాంలో ఎంతవరకు చెల్లుతుందన్నది, నాకు సరిగ్గా తెలియదన్న సంగతి బయటపడింది. 201 నుంచి 204 వరకు నాలుగు గదులు, గదికొక బటన్. నొక్కితే ఆ గది అద్దె కనిపించాలి. ఏ బటన్ నొక్కినా 204 అద్దే కనిపించింది. గదుల జాబితాను ఎన్నిసార్లు సరిచూసినా అందులో తప్పు దొరకలేదు.

తప్పు ఫర్ లూప్‌లో, అంటే ఒకే పనిని గదికొకసారి తిరిగి చేయించే వరుసల్లో ఉంది. లూప్ లోపల 'గది' అనే వేరియబుల్‌ను వార్ (var) అనే పదంతో ప్రకటించి, బటన్ నొక్కినప్పుడు నడవవలసిన ఫంక్షన్‌లో దానిని వాడుకున్నాను. ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య రాశాను కాబట్టి అది ప్రతి చుట్టులోనూ కొత్తగా పుడుతుందని అనుకున్నాను. కానీ వార్‌కు ఆ బ్రాకెట్లు హద్దు కావు. దాని హద్దు ఫంక్షన్ ఒక్కటే. అందువల్ల లూప్ నాలుగుసార్లు తిరిగినా 'గది' ఒక్కటే ఉంటుంది, ప్రతిసారీ దానిలోని విలువ మాత్రం మారుతుంది. ఇక బటన్ తాలూకు ఫంక్షన్ ఆ విలువను నకలు తీసి దాచుకోదు, వేరియబుల్‌నే పట్టుకుని ఉంటుంది. క్లోజర్ అనేది దీనినే. యాత్రికుడు బటన్ నొక్కే సమయానికి లూప్ ఎప్పుడో ముగిసి, అందులో 204 మిగిలి ఉంటుంది.

వార్ తీసి, వేరియబుల్‌ను ప్రకటించే మరో పదమైన లెట్ (let) పెట్టగానే పేజీ సరిగా పనిచేసింది. లెట్‌కు బ్లాకే, అంటే ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య భాగమే హద్దు కనుక నాలుగు చుట్లకు నాలుగు వేరియబుళ్లు ఏర్పడతాయి, ఒక్కొక్క బటన్ తనదానిని పట్టుకుంటుంది.

1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ ఈ భాషను పది రోజుల్లో రూపొందించినప్పుడు ఉన్నది వార్ ఒక్కటే. లెట్, మళ్లీ కొత్త విలువ ఇవ్వనివ్వని కాన్స్ట్ (const) 2015 నాటి ప్రమాణంతో వచ్చాయి. అంతవరకు హద్దు కావలసినవారు లూప్ లోపల మరొక ఫంక్షన్ రాసి, దానిని అక్కడికక్కడే పిలిచేవారు. పాత పేజీలు చెడిపోకూడదు కనుక వార్ నేటికీ భాషలో ఉంది.

ప్రకటనకు ముందే వేరియబుల్‌ను చదివితే వార్ మౌనంగా అన్‌డిఫైన్డ్ (విలువ ఇంకా లేదు) అని ఇస్తుంది, లెట్ రిఫరెన్స్ ఎర్రర్ చూపి ఆపేస్తుంది. ఆపేయడమే మేలని నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే మౌనంగా సాగిన తప్పు చాలా దూరం వెళ్లాక గాని పట్టుబడదు.

సాయంత్రాలు నా దగ్గరికి వచ్చే డిగ్రీ పిల్లలు "వార్ పాతది సార్, లెట్ వాడాలి" అని ఇంటర్వ్యూ కోసం కంఠస్థం చేసిన జవాబు చెబుతారు. వారికి ఈ లాడ్జి పేజీనే ఇచ్చి, అసలు ఇక్కడ 'గది' వేరియబుళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమంటాను. మొన్న ఒక అమ్మాయి వార్‌ను లెట్‌గా మార్చింది, కానీ ఆ ప్రకటనను లూప్‌కు పై వరుసలో పెట్టి, లోపల విలువ మాత్రమే మార్చింది. నాలుగు బటన్లూ మళ్లీ 204నే చూపించాయి. కాసేపు తెర వైపే చూసి, "ఇది కూడా ఒక్కటే కదా సార్" అంటూ ఆ వరుసను తానే బ్రాకెట్ల లోపలికి జరిపింది.