గట్టు మీద గేదెలు

2022 జులై. ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి, అప్పుడప్పుడే తగ్గుముఖం పడుతోంది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 17 లక్షలకి. రావులపాలెంలో గంటసేపు నిలబడ్డా పి.గన్నవరం బస్సు రాలేదు. ఆటోకి మూడొందలు. బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను.

ఏటి మధ్య లంకల నుంచి తరలించిన వాళ్లని ఉంచిన బడికి వెళ్లేసరికి భోజనాల వేళ. వేడన్నం, సాంబారు. నన్నూ కూర్చోబెట్టి వడ్డించారు, బాగుంది. ఆకలన్నవాళ్లకి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి సీమలో అన్నానికి లోటు రాకూడదు, రాలేదు కూడా. నాకు కోపం తెప్పించింది మరుగుదొడ్లు. అంతమందికీ రెండే, ఒకదానికి గడియ లేదు. ఆడవాళ్లు చీకటి పడేదాకా నీళ్లు తాగకుండా ఓర్చుకుంటున్నారు. గదికి ఆరేడు కుటుంబాలు. నల్లబల్ల మీద ఎక్కాలు అలాగే ఉన్నాయి, దాని కింద ఒక బాలింత పక్క పరుచుకుంది.

సాయంత్రం ఏటిగట్టెక్కాను. టార్పాలిన్ కింద రెండు గేదెలు, పక్కన నులకమంచం మీద ఓ పెద్దావిడ.

"బడిలోకి వెళ్లలేదేం పెద్దమ్మా?"

"వీటినెవరు చూత్తారు బాబూ? కోడలూ పిల్లలూ అక్కడే పడుకుంటన్నారు. పేరు రాయించుకోవాలి గదా. ఇంటికి రెండు వేలు, పాతిక కేజీల బియ్యం, కందిపప్పు, నూనె ఇత్తారంట. మాకు బియ్యం ఇత్తారు సరే, వీటికి గడ్డెవరిత్తారు?"

నా దగ్గర జవాబు లేదు. 1986 ఆగస్టు వరదప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఇలాంటి గట్టు మీదే తొమ్మిది రోజులున్నాం. పడవలో ఆవుకి చోటు లేదన్నారు. నాన్న కొడవలితో పలుపుతాడు కోసి వదిలేశాడు. ఈదుకుని ఎక్కడో గట్టెక్కుతుందని మాతో అన్నాడు. తర్వాత నెల రోజులు ఊరూరా తిరిగాడు, దొరకలేదు. ఆ తాడుముక్క మాత్రం మా చావట్లో చాలా ఏళ్లు దూలానికి వేలాడింది. అందుకే, "మనుషుల్ని తరలించేశాం" అని అధికారులు చెప్పే మాట నాకు సగం మాటలాగే వినిపిస్తుంది. లంకల్లో పాడి లేని ఇల్లెక్కడుంది? మనుషుల లెక్క రాసేటప్పుడే పశువుల లెక్కా రాసి, గట్టు మీదకి ఓ ట్రాక్టరు ఎండుగడ్డి పంపితే ఈ పెద్దావిడ రాత్రిళ్లు ఒక్కతే పాముల మధ్య కాపలా కాయాల్సిన పనుండదు.

వరదకి కొట్టుకొచ్చిన అరటిబోదెలు గట్టు వార చేరాయి. ఆవిడ ఒకటి లాక్కొచ్చి, బురద కడిగి, పై పట్టలు ఒలిచి, తెల్లటి దూటని కత్తిపీట మీద చక్రాల్లా తరుగుతోంది. పెద్ద గేదె తిన్నది. చిన్నది వాసన చూసి మొహం తిప్పేసింది.

"నిన్నటి నుంచీ ఇంతే, బాబూ. దూట మొకం చూడదు."

చీకటి పడుతుండగా కోడలు బడి నుంచి క్యారేజీ తెచ్చింది. పెద్దావిడ నాలుగు ముద్దలు తిని, మిగిలిన అన్నం బకెట్లో వేసి నీళ్లు పోసి, చేత్తో పిసికి కుడితి చేసి, చిన్నదాని ముందు పెట్టింది.