కోల్ హార్బర్ నుంచి కోల్ హార్బర్‌కి: స్టాన్లీ పార్క్ గట్టు మీద పూర్తి చుట్టు

కెనడాలోని వాంకూవర్‌లో స్టాన్లీ పార్క్ చూశామని చెప్పే మనవాళ్లలో చాలామంది కారులోంచి చూసినవాళ్లే. స్థానిక తెగల శైలిలో చెక్కిన టోటెమ్ స్తంభాల దగ్గర ఫొటోలు, ప్రాస్పెక్ట్ పాయింట్ దగ్గర ఐస్‌క్రీమ్, ఇంటికి. పార్కు అసలు అందం కారు పోని చోట ఉంది. అడవికీ సముద్రానికీ మధ్య, నీళ్ల అంచున కట్టిన రాతి గోడ, దాని మీద తారు బాట. గోడ వెంట సుమారు తొమ్మిది కిలోమీటర్లు, లాస్ట్ లగూన్ అనే చెరువు మీదుగా మొదలుపెట్టిన చోటికే వస్తే పదికి దగ్గర. ఆగుతూ నడిస్తే మూడు గంటలు. ఎక్కడా ఎక్కుడు లేదు. అందుకే తేలికనుకుంటారు. కానీ సగం దాటాక మధ్యలో వదిలేసి బయటపడే వీలుండదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే మిగతా ప్లానంతా దాన్నిబట్టి వేసుకోవచ్చు.

మేం పార్కు గేటు దగ్గర కాకుండా డౌన్‌టౌన్‌లోనే నడక మొదలుపెట్టాం. వాటర్‌ఫ్రంట్ లేదా బరార్డ్ స్టేషన్‌లో స్కైట్రైన్ (ఇక్కడి మెట్రో రైలు) దిగి నీళ్లవైపు నడిస్తే కోల్ హార్బర్ గట్టు వస్తుంది. పార్కింగ్ ఫీజు ఉండదు, టైము అయిపోతుందన్న బెంగా ఉండదు. ఎడమపక్క అద్దాల అపార్ట్‌మెంట్లు, కుడిపక్క మెరీనాలో వరసగా పడవలు, వాటి మధ్య నీళ్లమీదే తేలే కొన్ని ఇళ్లు. సీప్లేన్లు చెవులు చిల్లులు పడే మోతతో లేస్తుంటాయి, పిల్లలకి అదే పెద్ద వేడుక.

ఈ గట్టు మీద భారతీయులు తప్పక ఆగాల్సిన చోటు కొమగాట మారు స్మారకం. ఓడ పక్కభాగంలా నిలబెట్టిన ఉక్కు గోడ, ప్రయాణికుల పేర్లు. 1914 మే 23న కెనడాలో స్థిరపడాలని వచ్చిన 376 మంది భారతీయులతో కొమగాట మారు అనే ఓడ ఈ నీళ్లలోకి వచ్చింది. స్వదేశం నుంచి ఎక్కడా ఆగకుండా వచ్చినవాళ్లకే ప్రవేశం అనే నిబంధన చూపి, ఏ కొద్దిమందినో తప్ప ఎవర్నీ దిగనివ్వలేదు. రెండు నెలలు ఎదురుగా లంగరేసి ఉన్న ఓడను జులై 23న వెనక్కి పంపేశారు. ఇక్కణ్ణుంచి ఇరవై నిమిషాలు నడిస్తే పార్కు మొదట్లో, పార్కుకి ఎవరి పేరు పెట్టారో ఆ గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ విగ్రహం. ఈ పార్కు అన్ని వర్ణాల, అన్ని మతాల, అన్ని ఆచారాల ప్రజలదీ అని దాని కింద చెక్కి ఉంటుంది. పార్కు తెరిచింది 1888లో. రెండూ ఒకే నడకలో చూడ్డం మంచిది.

పార్కులో అడుగుపెట్టాక బాట రెండు పాయలు. నీళ్లవైపుది నడిచేవాళ్లది, లోపలివైపుది సైకిళ్లది, స్కేటింగ్ వాళ్లది. చక్రాలున్నవి ఒకే దిశలో, గడియారం ముల్లుకి ఎదురుగా వెళ్లాలి. నడిచేవాళ్లు ఎటైనా వెళ్లొచ్చుగానీ అదే దిశ మేలు: సముద్రం ఎప్పుడూ కుడిచేతికే ఉంటుంది, దారి చూసుకోవాల్సిన పనే లేదు. గొడవంతా ఇరుకు మలుపుల దగ్గర వస్తుంది. గీత తప్ప మధ్యలో అడ్డేమీ ఉండదు. ఫొటో కోసం నలుగురూ వెనక్కి అడుగేస్తే వెనక నుంచి అద్దె సైకిలు మీద కొత్త టూరిస్టు వస్తుంటాడు. ఫొటోలు గోడవైపు నిలబడే తీసుకోండి. బాట పక్కన అర కిలోమీటరుకో గుర్తు ఉంది, ఎంత నడిచామో లెక్క తెలుస్తుంది.

మొదటి రెండు కిలోమీటర్లు హార్బరు లోపలే. అలలుండవు, గాలీ తక్కువ. యాట్ క్లబ్బు, ఆ తర్వాత నేవీ వాళ్ల డెడ్‌మన్స్ ఐలాండ్. బయటివాళ్లను లోపలికి రానివ్వరు. ఒకప్పుడు స్థానిక తెగల శ్మశానవాటిక అది. ఇంకాస్త ముందుకి నైన్ ఓ క్లాక్ గన్. 1816లో పోతపోసిన ఫిరంగి, ఇప్పటికీ రోజూ రాత్రి తొమ్మిదికి పేలుతుంది. పూర్వం ఓడలవాళ్లు తమ గడియారాలు దీన్నిబట్టి సరిచేసుకునేవారు. 1969లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ ఇంజినీరింగ్ విద్యార్థులు దీన్ని ఎత్తుకుపోయి, పిల్లల ఆసుపత్రికి చందా ఇస్తేగానీ తిరిగిచ్చేది లేదన్నారు. ఇప్పుడది కటకటాల వెనక ఉండటంలో ఆశ్చర్యమేముంది!

రోడ్డు దాటి లోపలికి వెళ్తే టోటెమ్ స్తంభాలు, తొమ్మిది. రంగులు ముచ్చటగా ఉంటాయిగానీ, వీటిలో ఎక్కువభాగం ఉత్తరాన తీరం వెంట ఎక్కడో ఉండే తెగల శైలి. ఈ నేల మస్క్వీయమ్, స్క్వామిష్, స్లేవాటూత్ తెగల వాళ్లది. వాళ్ల శిల్పం చూడాలంటే పక్కనే ఉన్న మూడు చెక్క తోరణాల ముందు ఆగండి. మస్క్వీయమ్ కళాకారిణి సూసన్ పాయింట్ చేసినవి. జనం స్తంభాల ముందే క్యూ కడతారు, తోరణాల కిందనుంచి తలెత్తకుండా నడిచిపోతారు. ఇక్కడ బాత్‌రూములున్నాయి.

బ్రాక్టన్ పాయింట్ దగ్గర బాట లైట్‌హౌస్ కిందనుంచే పోతుంది. మలుపు తిరగ్గానే ఎదుటి ఒడ్డున పసుపు ముద్దలా ఓ గుట్ట కనిపిస్తుంది. అది ఎగుమతికి పోసిన గంధకం. తర్వాత నీళ్లలో బండరాయి మీద కంచు విగ్రహం. చూసిన ప్రతివాళ్లూ జలకన్య అంటారు. పోటు తీశాక దగ్గరగా చూస్తే నుదుటి మీదికి జరిపిన ఈత కళ్లద్దం, కాళ్లకు రబ్బరు రెక్కలు కనిపిస్తాయి. మామూలు డైవర్ అమ్మాయే. ఎలెక్ ఇమ్రెడీ చేశాడు, 1972లో పెట్టారు.

లంబర్‌మన్స్ ఆర్చ్ దగ్గర నిర్ణయం తీసుకోవాలి. ఎండాకాలం పిల్లలు ఆడుకోవడానికి నీళ్ల ఫౌంటెన్లుంటాయి, బాత్‌రూములు, తాగునీరు ఉంటాయి. ఒకప్పుడు ఇక్కడ స్థానిక తెగల పెద్ద ఊరుండేది. తరతరాలు తిని పారేసిన గవ్వల గుట్టల్ని 1888లో తవ్వి, పార్కు రోడ్డుకి పరిచేశారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇక్కడికే మోకాళ్లు పట్టుకుంటుంటే, మొహమాటపడకుండా లోపలికి తిరిగి అక్వేరియం పక్కనుంచి 19 నంబరు బస్సు ఆగే చోటికి నడిపించండి. చిన్న దూరమే. ముందుకు వెళ్లేవాళ్లు సీసా నింపుకోవాలి, బాత్‌రూముకి వెళ్లి రావాలి. మళ్లీ థర్డ్ బీచ్ దాకా రెండూ లేవు.

లయన్స్ గేట్ వంతెన కిందికి రాగానే వాతావరణం మారిపోతుంది. 1938లో కట్టిన వంతెన అది, దాని కింద ఓడలన్నీ ఒక ఇరుకు సందులోంచే పోవాలి. గాలీ అందులోంచే దూరుతుంది. జులైలో కూడా ఓ విండ్‌చీటర్ సంచిలో ఉండాలి. ఇక్కణ్ణుంచి సుమారు రెండు కిలోమీటర్లు ఎడమపక్క నిట్టనిలువు కొండ, కుడిపక్క నీళ్లు. పైకెక్కే దారి దాదాపు లేదు. చరియలు పడే చోటు కాబట్టి వదులైన రాళ్లను దులపడానికి అప్పుడప్పుడూ ఈ భాగం మూసేస్తారు. బయల్దేరే ముందు పార్క్ బోర్డు సైటులో ఈ ఒక్క ముక్కా చూసుకోండి, లేకపోతే ఐదు కిలోమీటర్లు నడిచి వెనక్కి తిరగాలి.

గోడను గోడగా చూడాల్సింది ఇక్కడే. ఓడలు రేపే అలలకీ తుఫానులకీ మెత్తటి ఇసుకరాయి కొండ కోసుకుపోతోందని 1917లో కట్టడం మొదలుపెట్టారు. జేమ్స్ కనింగ్‌హామ్ అనే తాపీ మేస్త్రీ 1930ల మొదటి నుంచి జీవితమంతా దీని మీదే గడిపాడు. కింది వరసలు నీళ్లు తీసిన గంటల్లోనే పెట్టాలి, మళ్లీ పోటెక్కేలోగా సిమెంటు పట్టాలి. వంగి చూడండి: గ్రానైటు దిమ్మలు ఒక సైజులో ఉండవు. ఒకదాని ముక్కు పక్కదాని సందులో కూర్చునేలా చెక్కి పేర్చారు, సందుల్లోని సిమెంటు మీద బార్నకిల్స్ (రాళ్లకి అతుక్కునే చిన్న సముద్ర జీవులు) పట్టి ఉంటాయి. ఆయన 1963లో పోయాడు, గోడ చుట్టూ కలిసింది 1971లో. ముందు వచ్చే సివాష్ రాక్ అనే రాతి స్తంభం దగ్గర ఆయన పేరున ఓ పలక ఉంది.

ఇంత కట్టినా రిపేర్లు తప్పవు. నిలువు గోడకి కొట్టిన అల శక్తి చావదు, వెనక్కి మళ్లి గోడ మొదట్లో ఇసుకను తవ్వుకుపోతుంది. పునాది కింద ఖాళీ పడి పై దిమ్మలు కదులుతాయి. ఇక్కడ పెద్ద రోజుల్లో ఆటుపోట్ల తేడా నాలుగు మీటర్లు దాటుతుంది. విశాఖలో సుమారు ఒకటిన్నర మీటరు చూసినవాళ్లకి ఇది ఊహకందదు. శీతాకాలపు పెద్ద పోటుకి పడమటి గాలి తోడైతే దుంగలే గోడ మీదికి వచ్చి పడతాయి. 2022 జనవరి 7న అలాగే బాట పెచ్చులూడిపోయింది. గాలివాన హెచ్చరిక ఉన్న రోజున ఈ వైపు రావద్దు. మామూలు రోజుల్లో కూడా గోడ అంచున పచ్చటి నాచు పట్టిన చోట కాలు పెడితే జారడమే. స్నీకర్స్ చాలుగానీ అడుగు అరిగినవి కాకూడదు.

పాయింట్ అట్కిన్‌సన్ పేరున ఉండే ఆటుపోట్ల పట్టిక చూసుకుంటే ఇంకో లాభం. వేసవిలో బాగా నీళ్లు తీసేది పగటిపూట, చలికాలంలో రాత్రిపూట. వేసవి ఆటు సమయానికి సివాష్ రాక్ చేరితే ఆ నల్లటి రాతి స్తంభం అడుగుదాకా కనిపిస్తుంది. చుట్టూ మెత్తటి ఇసుకరాయి కరిగిపోగా మిగిలిన అగ్నిశిల అది. నెత్తిన ఓ చెట్టు కూడా ఉంటుంది.

కొండ నీడ వల్ల ఈ పడమటి వైపు మధ్యాహ్నం దాకా చల్లగానే ఉంటుంది. జూన్‌లో సూర్యాస్తమయం తొమ్మిది దాటాక, కాబట్టి సాయంత్రం ఐదున్నరకి పార్కు గేటు దగ్గర మొదలుపెడితే థర్డ్ బీచ్‌కి సరైన వేళకి చేరతారు. డిసెంబరులో నాలుగుంబావుకే చీకటి. బాటకి దీపాలు లేవు, మధ్యాహ్నం పన్నెండు దాటాక బయల్దేరకండి. థర్డ్ బీచ్‌లో ఇసుక మీద వరసలుగా వేసిన దుంగలకి వీపు ఆనించి కూర్చోవచ్చు. పులిహోర డబ్బా విప్పితే రకూన్లు (పిల్లిని మించిన సైజు అడవి జంతువులు) వాసన పట్టేస్తాయి. పిల్లలు ముద్దుగా ఉన్నాయని పెట్టబోతారు, పెట్టనివ్వద్దు. 2021లో ఇదే పార్కులో కొయోట్లు (నక్కలాంటి జంతువులు) పదుల మందిని కరిచాయి, మనుషులు తిండి అలవాటు చేయడం అందుకో కారణం.

సెకండ్ బీచ్ దగ్గర పిల్లల ఆటస్థలం పక్కన ఎయిరిండియా 182 స్మారకం ఉంది. 1985 జూన్ 23న కనిష్క అనే ఆ విమానంలో బాంబు పేలి 329 మంది చనిపోయారు. ఆ బాంబున్న పెట్టె ఎక్కింది వాంకూవర్ విమానాశ్రయంలోనే. గోడ మీద పేర్లన్నీ ఉన్నాయి, చాలావరకు మన పేర్లు. బాట మీంచి చూస్తే ఉయ్యాలలే కనిపిస్తాయి, లోపలికి వెళ్లాలి.

ఇక్కడ గట్టు వదిలి ఎడమకి తిరిగితే లాస్ట్ లగూన్. దారి మట్టిది, వానకి బురద. కెనడా గూస్‌లు (పెద్ద బాతులు) ఎక్కువ కాబట్టి కింద చూసి నడవండి. లగూన్ చివర జార్జియా స్ట్రీట్ కిందుగా సబ్‌వే ఉంది, రోడ్డు దాటక్కర్లేకుండా కోల్ హార్బర్ వైపు తేలతారు. ఆకలైతే సబ్‌వేలోకి దిగకుండా డెన్మన్ స్ట్రీట్‌లోకి వెళ్లండి. రామెన్, ఇరానీ కబాబులు అన్నీ పక్కపక్కనే. శాకాహారులకి ఫలాఫెల్ ఉంటుంది, కారం మాత్రం విడిగా అడిగి వేయించుకోవాలి.