మట్టి ఒళ్లు, మినుము మొలకలు

ఉండవల్లి గుహల్లో పడుకున్న అనంతపద్మనాభుడి బొడ్డులోంచి తామర లేస్తుంది. అలంపురం మ్యూజియంలోని లజ్జాగౌరి అనే దేవత బొమ్మకి తల ఉండాల్సిన చోట తామరపువ్వే ఉంటుంది. అమరావతి పలకల మీది పూర్ణఘటాల సంగతి సరేసరి. కుండ కడుపులోంచి కాడలూ మొగ్గలూ పొంగి పొర్లుతుంటాయి. ఒంటికీ మొక్కకీ మధ్య గీత గీయకుండా పనిచేయడం మన శిల్పులకి ఎప్పుడో తెలుసు. కాకపోతే వాళ్లు రాతిలో చెక్కారు, ఆ తామర వాడదు.

వాడిపోయేలాగే చేయాలన్నది కళాకారిణి ఆనా మెండియెటా దారి. 1948లో క్యూబాలో పుట్టి అమెరికాలో పెరిగిన ఈమె, 1973 నుంచి 1980 దాకా ‘సిలువెటా’ అనే వరస చేసింది. తన ఒంటి ఆకారాన్ని మట్టిలో, గడ్డిలో, పూలతో, ఒక్కోసారి నిప్పుతో వేసి, చెరిగిపోవడానికి వదిలేసింది. మిగిలినవి ఫొటోలు, చిన్న చిన్న ఫిల్ములు. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్‌లోని హెలిగన్ తోటలో పీట్ హిల్, సూ హిల్ అనే తోబుట్టువులు చేసిన ‘మడ్ మెయిడ్’ది ఇంకో తరహా. కర్ర చట్రం మీద మట్టి పూసి మొక్కలు పెంచారు. కాలాన్ని బట్టి ఆమె జుట్టూ బట్టలూ మారుతుంటాయి.

ఈ ఫొటోలు చూసి విజయవాడ మేడ మీదో, గుంటూరు పెరట్లోనో అలాగే మట్టి ఒంటి మీద మొక్కలు మొలిపించబోతే పని మొదటి వారంలోనే చెడుతుంది. బొమ్మ చేయడం రాక కాదు, ఇక్కడి మట్టి, ఇక్కడి ఎండ వేరు కాబట్టి. లోపల గడ్డి మోపులు, వాటి మీద రెండు పూతల మట్టి, అందులో గింజలు, బొమ్మ అంటే ఇంతే. ఈ పనిలో ముప్పాతిక వంతు మట్టి ఎంపికే.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అందులోని బంకమట్టి గుణమే అది. ఒక అడుగు పొడవు చెక్క అచ్చులో తడి నల్లమట్టి కూరి నీడలో ఆరబెడితే అంగుళం దాకా తగ్గొచ్చు. ఒంటి మొత్తానికీ అదే వాడితే మెడ, మణికట్టు, మోకాలి దగ్గర తెగి ముక్కలవుతుంది. ఎర్రమట్టి అంత ముడుచుకోదు గానీ దానికి బంక తక్కువ, గడ్డి మీద నిలవదు. కృష్ణ ఒండ్రు మెత్తగా సాగుతుంది, నీళ్లు తగిలితే అంతే మెత్తగా జారిపోతుంది. కాబట్టి లోపలి పూతకి మూడు తట్టల ఎర్రమట్టి, ఒక తట్ట నల్లమట్టి, ఒక తట్ట ఇసుక, అర తట్ట ఊక, అర తట్ట పచ్చి పేడ, వేలెడు పొడవున నరికిన వరిగడ్డి రెండు కిలోలు. ఇది మోకాళ్లు ముడిచి పక్కకి తిరిగి పడుకున్న నిండు మనిషి ఆకారానికి, అంటే సుమారు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుకి సరిపోతుంది.

కలిపిన మట్టిని కాళ్లతో తొక్కి, తడి గోతాలు కప్పి మూడు రోజులు మగ్గనివ్వాలి. పులిసిన వాసన రావాలి. గడ్డి మెత్తబడి మట్టిని పట్టుకుందనడానికి అదే గుర్తు. తరవాత అదే అడుగు అచ్చులో పరీక్ష చేయండి. ఆరాక అర అంగుళం కన్నా ఎక్కువ తగ్గితే ఇంకో అర తట్ట ఇసుక కలపాలి. చేత్తో రుద్దితే పొడి రాలుతుంటే ఇసుక ఎక్కువైనట్టు, అప్పుడు నల్లమట్టి పెంచాలి.

ఇక ఆకారం. వెల్లకిలా, చేతులు పక్కన పెట్టుకుని పడుకున్న బొమ్మ మన దగ్గర శవంలాగే కనిపిస్తుంది, ఎంత పచ్చగా మొలిచినా సరే. పక్కకి తిరిగి ముడుచుకున్న భంగిమ మేలు. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. కాళ్లూ చేతులూ ఒంటికి ఆనుకుని ఉంటాయి కాబట్టి విరిగే చోట్లు తగ్గుతాయి. నేల మీద ఒకరు పడుకుంటే ఇంకొకరు ముగ్గుపిండితో చుట్టూ గీత వేయాలి. చెయ్యి లోపలికి వంగదు కాబట్టి గీత ఎప్పుడూ ఒంటి కన్నా అంగుళం బయటికి పోతుంది. దాని మీద రెండు మూడు అంగుళాల మట్టి వేస్తే మనిషి కాస్తా బస్తా అవుతుంది. అందుకని గీతకి రెండు అంగుళాల లోపల ఇంకో గీత వేసుకుని, గడ్డి మోపుల్ని ఆ లోపలి గీతకే కొలిచి కట్టాలి.

మొండేనికి ఎనిమిది అంగుళాల మందం, తొడకి ఐదు, చేతికి మూడు చాలు. బెత్తెడుకొక చోట పురికొసతో బిగించాలి. నైలాన్ తాడు, ఇనుప తీగ వద్దు. చివరికి ఇదంతా మట్టిలో కలవాలి కదా. మోపు వదులుగా ఉంటే తడిమట్టి బరువుకి అణిగిపోయి, పైపూత అడ్డంగా పగులుతుంది. మోపు మీద మోకాలు ఆనించి నొక్కితే దిగబడకూడదు, అంత గట్టిగా ఉండాలి. కట్టాక పలచటి నల్లమట్టి బురదలో ముంచి తీయండి. పొడి గడ్డి మీద నేరుగా మట్టి కొడితే అది మట్టిలోని నీళ్లు పీల్చేసుకుంటుంది, మర్నాటికే పూత పెచ్చులూడుతుంది.

మేడ మీద అయితే కింద టార్పాలిన్ పరిచి, ఇటుకల మీద ప్లైవుడ్ చెక్క వేసి దాని మీద చేయాలి. తడిగా ఉన్నప్పుడు మొత్తం బరువు క్వింటాలు దాటుతుంది. శ్లాబు మధ్యలో కాకుండా కింద గోడో దూలమో ఉన్న చోటికి వచ్చేలా చూసుకోండి. అయితే పిట్టగోడకి మరీ ఆనించొద్దు. మొలకలు వెలుతురు వైపు వంగుతాయి కాబట్టి గోడ పక్క సగం మొత్తం ఒక వైపుకి వాలిపోయి, ఒంటి వంపులు కనపడకుండా పోతాయి. పిట్టగోడకి మూడడుగుల దూరం వదలాలి.

మొదటి పూత అంగుళం నుంచి అంగుళంన్నర. అన్ని చోట్లా ఒకే మందం ఉండాలన్నది పైకి చిన్న మాట, పగుళ్లలో ఎక్కువ భాగం దీన్ని పాటించకపోవడం వల్లే వస్తాయి. పలచటి చోటు ముందు ఆరి ముడుచుకుంటుంది, మందపు చోటు ఇంకా తడిగా ఉంటుంది. రెండూ కలిసే చోట తెగుతుంది. మెడ, నడుము దగ్గర గడ్డినే సన్నగా కట్టాలి గానీ మట్టిని పలచన చేయకూడదు. వేళ్లు విడివిడిగా చేయొద్దు. అరచేతిని ఒకే ముద్దగా చేసి, వెదురు పుల్లతో గీతలు గీస్తే చాలు. తడి గోతం కప్పి మూడు రోజులు నీడలో ఆరనివ్వండి. చెయ్యి పెడితే మట్టి అంటకూడదు, వేలు గుచ్చితే మాత్రం దిగాలి. ఆ పదునులోనే రెండో పూత వేయాలి.

ఈ రెండో పూతలోనే ఇక్కడి మట్టి తన పని చూపిస్తుంది. కృష్ణా డెల్టాలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న చేలోనే మినుములు చల్లేస్తారు. కోత అయ్యాక మిగిలిన తడితోనే ఆ మినుము మొలిచి, నెర్రెలు తీసిన మాగాణిలో పెరుగుతుంది. అదే పద్ధతి ఒంటి మీదికి తెచ్చుకోవచ్చు. మొదటి పూత మీద మినుములు, గింజకీ గింజకీ అంగుళంన్నర ఎడంగా అద్ది, పైన నికార్సైన నల్లరేగడి ముద్ద రెండు తట్టలంత తీసుకుని, సరిగ్గా అంగుళం మందాన కప్పాలి. ఇందులో ఇసుక గానీ ఊక గానీ కలపకూడదు. ఇక్కడ మనకి పగుళ్లే కావాలి. డిసెంబరు ఎండకి మూడు నాలుగు రోజుల్లో నల్లపూత పలకలు పలకలుగా విచ్చుకుంటుంది. సరిగ్గా అప్పటికే మినుము మొలక కిందనుంచి నెడుతుంటుంది. చర్మం పగిలి లోపలి నుంచి ఆకు వచ్చినట్టు ఉంటుంది. ఏ అద్దకంతోనూ, ఏ రంగుతోనూ రాని రూపం అది.

పలక ఎంత పెద్దదవుతుందో పూత మందమే చెబుతుంది. అర అంగుళం పూతకి చిన్న చిన్న పెంకులొస్తాయి, మొసలి చర్మంలా. రెండు అంగుళాలకి అరచేయంత పలకలొస్తాయి గానీ అంత లోతు నుంచి మినుము పైకి రాలేక లోపలే కుళ్లుతుంది. వీపు మీద అంగుళం, భుజం దగ్గర ముప్పావు, ముంజేతి మీద అర అంగుళం వేస్తే పలకలు వాటంతట అవే ఒంటి కొలతకి తగ్గట్టు చిన్నవవుతూ వస్తాయి. పగుళ్లు రాకముందే నీళ్లు చల్లితే నల్లమట్టి మళ్లీ ఉబ్బి అతుక్కుపోతుంది. కాబట్టి నల్లపూత మీద మొలక కనిపించేదాకా చుక్క నీరు వద్దు. లోపలి మట్టిలో ఉన్న తడి చాలు.

ఏటవాలు పక్కల్లో, అంటే పిరుదుల కింద, పిక్కల పక్కన మినుము నిలవదు. అక్కడ నల్లపూత కూడా వద్దు, లోపలి మట్టినే నున్నగా రుద్ది వదిలేయండి. దాని మీద ఎనిమిది గంటలు నానబెట్టిన మెంతులు వంద గ్రాములు అద్దాలి. నానిన మెంతికి జిగురు వస్తుంది, అదే అంటుకుని ఉంటుంది. సబ్జా గింజలు ఇంకా బాగా అంటుకుంటాయి గానీ ఆ జిగురు ఆరిపోతే పొరలా ఊడి వస్తుంది, రోజుకి మూడుసార్లు తడపాలి. జుట్టుకి గోధుమ. జొన్న కూడా పొడవుగా, అందంగా వస్తుంది గానీ ఆవులూ మేకలూ తిరిగే చోట వేయొద్దు. లేత జొన్న మేస్తే పశువుకి నాము, అంటే ఆ పైరులో ఉండే విషం, తగులుతుంది.

తడపడం పొద్దున పూటే, పిచికారీతో, లీటరు నుంచి లీటరున్నర. మగ్గుతో పోస్తే మట్టి కరిగి గింజలు కాళ్ల దగ్గరికి చేరతాయి. సాయంత్రం తడిపితే రాత్రంతా తడి నిలిచి నారుకుళ్లు వస్తుంది. మొలక మొదట్లో నల్లబడి పక్కకి పడిపోతుంది, చుట్టూ తెల్లటి బూజు. కిలో విత్తనానికి 10 గ్రాముల లెక్కన ట్రైకోడెర్మా (కుళ్లుని అణిచే మేలు శిలీంధ్రం) పొడి పట్టిస్తే చాలావరకు ఆగుతుంది. గింజలు మరీ దట్టంగా వేస్తే అదీ ఆపలేదు.

నీళ్లు నిలిచే గుంటలు మూడు: చంకకీ మొండేనికీ మధ్య, మెడ కింద ఎముక దగ్గర, బొడ్డు. శిల్పాల్లో తామర లేచే చోటే మట్టి బొమ్మలో ముందు కుళ్లుతుంది. బొడ్డులోంచి ఏదైనా మొలవాలనుకుంటే మట్టి పూసేటప్పుడే బొప్పాయి ఆకు కాడ ఒకటి, లోపల బోలుగా ఉంటుంది కదా, గడ్డి దాకా వాలుగా దించి వదలండి. నీరు దాని గుండా కిందకి పోతుంది, కాడ కొన్నాళ్లకి అదే కరిగిపోతుంది.

ముఖం చేయొద్దనే నా సలహా. ముక్కు ఎలాగూ మొదటి వారంలో రాలుతుంది. అది కాకపోయినా, కళ్లూ ముక్కూ పెట్టిన మట్టి బొమ్మ మన ఊళ్లో రెండు రోజుల్లో దేవతైపోతుంది. పసుపూ కుంకుమా వచ్చి చేరతాయి. దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. ముగ్గుపిండితో మనిషి గీత, పక్కన నవధాన్యాలు పెట్టుకుని రోడ్డు వారన కూర్చుంటే చేతబడి అంటారు. పెరట్లోనో, కాలేజీ ఆవరణలోనో, నలుగురికీ ముందే చెప్పి చేసుకోవడం మంచిది. మడ్ మెయిడ్ ముఖానికి నాచు పట్టడం కోసం పెరుగు పూశారని చదివి ఇక్కడ ప్రయత్నించేవాళ్లుంటారు. కార్న్‌వాల్ తేమ గాలి వేరు, బెజవాడ మేడ వేరు. ఇక్కడ పెరుగుకి వచ్చేది చీమలే.

ఏటి ఒడ్డున చేయాలని చాలామందికి ఉంటుంది. తడి ఇసుకలో పడుకుని లేస్తే పడే అచ్చు నిజంగానే బాగుంటుంది, అందులో నీరు ఊరడం ఇంకా బాగుంటుంది. కానీ ప్రకాశం బ్యారేజీ దిగువన గేట్లు ఎత్తితే నీరు చూస్తుండగానే వచ్చేస్తుంది. ఇసుక తవ్విన గోతులు పైకి కనపడవు. స్నానఘట్టాల దగ్గర తవ్వకూడదు. ఊరి పక్కన చెరువు గట్టో, కోత కోసిన మాగాణో అడిగి తీసుకోవడం నయం.

కాలం విషయానికొస్తే కార్తీకం దాటి, తుపాను వానలు తెరిపిచ్చాక మొదలుపెట్టి శివరాత్రి లోపు ముగించాలి. ఏప్రిల్, మే ఎండలకి మొలక ఒక్క మధ్యాహ్నంలో మాడిపోతుంది. వానాకాలంలో అయితే మనిషి ఆకారం పోయి మట్టికుప్ప మిగులుతుంది. పావురాలు, ఉడుతల కోసం మొదటి ఐదు రోజులు వల కప్పాలి. చీమలకి చుట్టూ బూడిద చల్లాలి, తడిసినప్పుడల్లా మళ్లీ చల్లుతుండాలి.

ఫొటోలు సూర్యోదయం తరవాత మొదటి గంటలో, పక్క నుంచి ఎండ పడుతుండగా తీస్తే పగుళ్ల లోతు తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం అంతా చదునుగా కనిపిస్తుంది. నిచ్చెన కాళ్ల చోట సున్నంతో గుర్తు పెట్టుకుని రోజూ అక్కడి నుంచే తీయాలి. పదో రోజు పచ్చగా ఉన్నప్పుడు తీసి ఆపేసేవాళ్లు ఎక్కువ. నాకు మాత్రం నీళ్లు ఆపేశాక వచ్చే మూడో వారం నచ్చుతుంది. ఆకు పండుబారి, వేళ్లు పట్టి ఉంచిన పలకలు అంచులు పైకి లేపుతాయి.

మొత్తం ఒళ్లు మొదలుపెట్టే ముందు మోచేతి నుంచి వేళ్ల దాకా ఒక్క చెయ్యి చేసి చూడండి. అరతట్ట మట్టి, చేతిమందం గడ్డి, కాసిన్ని మినుములు సరిపోతాయి. వారం తరవాత మణికట్టు దగ్గర వచ్చిన బీట వెడల్పు చూసి ఇసుక పెంచాలో తగ్గించాలో తేల్చుకుని, అప్పుడు మోపులు కట్టడానికి దిగండి.