గుడి తేదీ రాతి మీద ఉంది, చెరువు సంగతులు నోళ్లలో ఉన్నాయి

మన పాలంపేట రామప్ప గుడి ఎప్పటిదో వెతుక్కోనక్కర్లేదు. శక సంవత్సరం 1135, శ్రీముఖ నామ సంవత్సరం చైత్రమాసం, అంటే క్రీస్తుశకం 1213 అని ఆవరణలోని నల్లరాతి శాసన స్తంభమే చెబుతోంది. కట్టించినవాడు కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. 1922లో పురావస్తు పండితుడు గులాం యజ్దానీ ఈ గుళ్ల మీద ఒక పుస్తకమే వెలువరించారు. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది.

రామప్ప చెరువు కింద బతికిన ఊరి సంగతులకు ఆ భాగ్యం లేదు. ఏ తూము నీళ్లు ఏ మళ్లకు పారేవి, మత్తడి (చెరువు అలుగు) దూకితే ఏ ఒర్రె (వాగు) పొంగేది, చెరువు నీళ్లు పంచే నీరటి ఎవరి వంతు ఎప్పుడు విడిచేవాడు, సద్దుల బతుకమ్మ నాడు ఏ ఒడ్డున దిగేవారు, ఇవన్నీ డెబ్బయి దాటిన పెద్దల దగ్గరే ఉన్నాయి. మన బడిలో చదివి బయట స్థిరపడినవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు ఈ పని పట్టుకోవాలి. ఆ పెద్దలు ఉండగానే పట్టుకోవాలి.

మాట్లాడించడానికి ఇంట్లో కూర్చోబెట్టకండి. ఒంట్లో ఓపిక ఉంటే కట్ట మీద నడిపించండి. తూము కనబడితే దాని పేరు వస్తుంది, పేరు వెంట తగాదా వస్తుంది, తగాదా వెంట మనుషులు వస్తారు. "పాత రోజులు ఎట్లుండేవి తాతా?" అని అడిగితే "బాగుండేవి బిడ్డా" అనే జవాబే వస్తుంది. "ఈ తూము తెరిస్తే మొదట ఎవరి మడి తడిసేది?" అని అడగండి. మాటలు రికార్డు చేసే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి నోటికి జానెడు, రెండు జానల దూరంలో ఉంచాలి. గాలి వీస్తుంటే మైకు మీద పలుచటి గుడ్డ కప్పాలి. మొదట మీరే తేదీ, చోటు, మనిషి పేరు, ఇంటిపేరు పలకాలి. నలభై అయిదు నిమిషాలకు మించితే పెద్దవాళ్లు అలసిపోతారు, తేదీలు కలగాపులగం అవుతాయి. రాసేటప్పుడు వాళ్ల మాటే రాయండి. శికం (చెరువు లోపలి భూమి) అంటే శికమే, మత్తడి అంటే మత్తడే. పుస్తకాల తెలుగులోకి మారిస్తే సగం అర్థం పోతుంది.

ఒక చిక్కు మన ఊళ్లో ప్రత్యేకంగా ఉంది. పర్యాటకులకు చెప్పే కథలు తిరిగి మన పెద్దల నోళ్లలోకి వచ్చేశాయి. గుడి గోపురానికి వాడిన నీళ్లలో తేలే ఇటుక, గుడికి పేరిచ్చాడనే శిల్పి రామప్ప కథ అందరూ ఒకే వరుసలో చెబుతారు. అందుకే ప్రతి సంగతికీ "ఇది మీకెవరు చెప్పారు?" అని అడిగి ఆ జవాబు కూడా రాసుకోవాలి. కంట చూసింది, తండ్రి చెప్పింది, గైడు చెప్పింది అని మూడు గడులు గీసుకుంటే చాలు.

తేదీల దగ్గర తప్పులు ఎక్కువ. పాత కాగితాల్లో ఫసలీ, అంటే నిజాం కాలపు శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన ఇంగ్లీషు ఏడాది వస్తుంది: 1357 ఫసలీ అంటే 1947-48. తెలుగు సంవత్సరం పేరు చెబితే అది అరవై ఏళ్లకొకసారి తిరిగొస్తుందని మరవకండి. శ్రీముఖ 1933లోనూ ఉంది, 1993లోనూ ఉంది. అప్పుడు రజాకార్ల జమానా, 1969 తెలంగాణ ఉద్యమం లాంటి గుర్తులతో సరిచూడాలి. భూముల వరుసకు 1954-55 ఖాస్రా పహాణీ (సర్వే నంబర్ల వారీ భూమి రికార్డు), గ్రామ నక్ష (పటం) పక్కన పెట్టుకోండి.

ఇక ఫోటోలు, కాగితాలు. అసలు ఇంటి గడప దాటకూడదు. మీరే వెళ్లి స్కాన్ చేసి ఆ పూటే ఇచ్చేయండి. ఫోటో అయితే 600 డీపీఐ (స్కానర్‌లో స్పష్టత కొలత), కాగితం అయితే 300 చాలు. వెనక రాత కనబడే పలుచటి కాగితం కింద నల్ల అట్ట పెట్టాలి. ఆల్బంకు అతుక్కున్న ఫోటోను పీకొద్దు, పై పొర ఊడొస్తుంది. ఉన్నచోటే తీయండి. లామినేషన్ అసలే వద్దు, మళ్లీ విడదీయలేం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది, తీసిన తేదీ ఊడిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరులో ఏడాది, చోటు, ఇచ్చినవారి ఇంటిపేరు ఉండాలి.

చేలల్లో, కట్ట పక్కన కనబడే శాసన రాళ్లకు, వీరగల్లులకు (చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లకు) నూనె, సుద్ద, పిండి పూయొద్దు. రంగు వేస్తే అక్షరాల గాడి పూడిపోతుంది. చీకటి పడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వాలుగా వేసి, నాలుగు దిక్కుల నుంచీ నాలుగు ఫోటోలు తీయండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే రాయి మెరుస్తుంది తప్ప అక్షరం కనబడదు. రాతి పక్కన స్కేలు పెట్టండి, సర్వే నంబరు రాయండి. రాయిని కదపొద్దు. అది ఉన్న చోటు కూడా చరిత్రే. కాగితం అద్ది నకలు తీసే పని పురావస్తు శాఖ శాసన విభాగం వాళ్లది. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల ఏ కట్టుబడీ కుదరదు కాబట్టి సమాచార పలకలు నాటాలన్నా ముందు పురావస్తు శాఖనే అడగాలి.

సేకరించినవి మూడు ప్రతులు ఉండాలి: ఒకటి బడిలో, ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి ఊరి బయట ఉన్నవారి దగ్గర. ఒక్క పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోవద్దు. ఏడాదికోసారి అన్నీ తెరిచి చూడాలి. బడిలోని కాగితాల పెట్టె ఇటుకల మీద నేలకు ఎత్తులో ఉంచాలి. ప్లాస్టిక్ కవర్లలో వానాకాలం చెమ్మ పట్టి ఫోటోలు అతుక్కుంటాయి. ఉతికిన నూలు గుడ్డ మేలు. పంచుకునేటప్పుడు భూతగాదాలు, కులం పేరుతో జరిగిన అవమానాలు చెప్పినవారి అనుమతి లేకుండా బయటపెట్టొద్దు. వాటిని రాసి, మూసి ఉంచండి.

కొత్త చరిత్ర కూడా చేజారుతోంది. 2023 జూలై 27 ఉదయానికి 24 గంటల్లో మన పక్కనే లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రోజు నీళ్లు ఎవరి అరుగు దాకా వచ్చాయో ఇప్పుడైతే ప్రతి ఇంటివారూ చెప్పగలరు. గోడ మీది మరక సున్నం కిందికి వెళ్లకముందే టేపుతో ఎత్తు కొలిచి, ఇంటి నంబరుతో రాసుకోండి.

మొదటి విడత మే నెలలో పెట్టుకుందాం. అప్పుడు చెరువు తగ్గి నీటి అడుగున ఉండే రాళ్లు బయటపడతాయి, పొలం పనులు లేక పెద్దలకు తీరిక ఉంటుంది. పొద్దున ఆరింటికే కట్ట ఎక్కాలి, తొమ్మిది దాటితే ఎండకు వాళ్లను నిలబెట్టలేం. నీరటి పని చేసిన ఇళ్లతో మొదలుపెడదాం.