బండికి చోటు దొరికేదాకా

ఆ అర్జీ మీద నేనూ సంతకం పెట్టాను. ఆ సంగతి దాచిపెట్టి మిగతాది రాయలేను.

2023 ఆగస్టులో హైదరాబాద్‌లో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ కూడలి దాకా ఉక్కు వంతెన ప్రారంభమైన తర్వాత, రాత్రి పూట దాని స్తంభాల దగ్గర పది పన్నెండు మంది పడుకోవడం మొదలైంది. చిక్కడపల్లిలోని మా కాలనీ సంఘం వాళ్లు వాళ్లను ఖాళీ చేయించాలని ఇంటింటికీ వచ్చి సంతకాలు తీసుకున్నారు. ట్యూషన్ల నుంచి వచ్చే ఆడపిల్లలు భయపడుతున్నారన్నారు. నాకూ కూతురుంది. మరో మాట అడగకుండా సంతకం చేశాను.

వారం తిరగకముందే ఒక తెల్లవారుజామున వ్యాను వచ్చింది. మూటలు, చాపలు, గిన్నెలు ఎత్తుకుపోయారు.

నాలుగు రోజుల తర్వాత, రాత్రి వానలో మందుల షాపుకు వెళ్తున్నాను. రెండు సందుల అవతల, దించిన షట్టరుకు ఆనుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. పక్కన తోపుడు బండి. దాని చక్రం నుంచి ఆయన చీలమండ దాకా నైలాను తాడు. దగ్గరికి వెళ్తే గుర్తుపట్టాను. కొన్నేళ్లుగా మా ఇంట్లో పాత పేపర్లు తూకం వేసి కొనుక్కెళ్లేది ఆయనే. రాత్రి ఎక్కడ పడుకుంటారని ఒక్కనాడూ అడగలేదు.

"కాలికి ఆ తాడు ఏమిటి పెద్దయ్యా?"

"అద్దె బండి అమ్మా. కన్ను మూతపడితే లాక్కుపోతారు. బండి పోతే ఆ అప్పు నేను తీర్చలేను."

వ్యానులో పోయిన మూటలో దుప్పటితో పాటు ఆధార్ కార్డూ పోయిందట. అది ఎక్కడ పారేశారో అడగడానికి ఆయన దగ్గర ఒక కాగితం ముక్క కూడా లేదు. చందాల దగ్గర నుంచి కరెంటు బిల్లు దాకా అన్నిటికీ రసీదు ఉండే ఊరిలో, ఒక మనిషి ఆస్తి మొత్తం తీసుకెళ్లి రసీదు ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మరునాడు బడి వదలగానే వార్డు కార్యాలయానికి వెళ్లాను. తమకు సంబంధం లేదన్నారు. మరోచోటికి పంపారు, అక్కడి నుంచి ఇంకోచోటికి. మూడో రోజు ఒక గుమస్తా దయతలచి చెప్పాడు: నగరంలో నిరాశ్రయుల వసతి కేంద్రాల వ్యవహారం చూసేది యూసీడీ, అంటే పట్టణ సామాజిక అభివృద్ధి విభాగం అని. మీలో ఎవరికైనా ఈ పని పడితే నేరుగా అక్కడికే వెళ్లండి.

ప్రతి లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా, రాత్రింబవళ్లు తెరిచి ఉండే వసతి కేంద్రం ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. 2011 జనగణన నాటికే మన మహానగర పాలక సంస్థ పరిధిలో 67 లక్షల పైచిలుకు జనం ఉన్నారు. ఆ లెక్కన ఎన్ని కేంద్రాలు ఉండాలో చూసుకోండి. నా చేతికిచ్చిన జాబితా ఒక పేజీ కూడా నిండలేదు.

జాబితా పట్టుకుని వెళ్తే పెద్దాయన ముందు ససేమిరా అన్నారు. "జైలుకేనా అమ్మా?" అని అడిగారు. 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు నగరంలో భిక్షాటన నిషేధించి, దొరికినవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. ఆ వ్యాన్లను ఆయన కళ్లారా చూశారు. వసతి అన్న మాట వినగానే ఆయనకు గుర్తొచ్చేది అదే. వాళ్లంతట వాళ్లే రావడం లేదు, ఏం చేస్తాం అనేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న గురించి ఆలోచించాలి.

మొదటి కేంద్రంలో మంచం ఇస్తామన్నారు కానీ బండి బయటే ఉండాలన్నారు. ఆయన బండి వైపు చూసి, ఏమీ అనకుండా వెనక్కి తిప్పారు. నాకు కోపం రాలేదు. నా స్కూటరు వీధిలో వదిలేసి నేను మాత్రం నిద్రపోతానా?

రెండో కేంద్రం నిర్వాహకురాలు మరోలాంటి మనిషి. విషయం వినగానే లోపలికి వెళ్లి దర్జీల టేపు తెచ్చారు. గేటు కొలిచారు, బండి కొలిచారు. నాలుగు వేళ్ల తేడాతో పట్టదు. గేటు రెండో రెక్క తుప్పు పట్టి ఏళ్లుగా బిగుసుకుపోయి ఉంది. వంటింట్లోంచి నూనె తెప్పించి, కీలుకు పోసి, నలుగురం కలిసి నెట్టాం. బండి వరండాలోకి వచ్చింది. కిటికీ ఊచకు గొలుసు వేసి తాళంచెవి ఆయన చేతికిచ్చారు. ఆయన ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూసుకుని, అప్పుడు చెప్పులు విడిచారు.

తర్వాత ఆధార్. వీధి చివరి ఆధార్ కేంద్రంలో కొత్తగా నమోదు చేశారు. పాత నమోదు ఉందని అది తిరస్కరణకు గురైంది. పోయిన కార్డుకు కొత్త నమోదు అక్కర్లేదు. పేరు, జిల్లా లేదా పిన్ కోడ్ చెప్పి వేలిముద్రో కంటిపాపో ఇస్తే పాత నంబరు వెతికి ముద్రించి ఇస్తారు. మాధాపూర్‌లోని ఆధార్ సేవా కేంద్రంలో ఆ పని జరిగింది, అదీ తేలిగ్గా కాదు. ఇనుము ఏరి ఏరి ఆయన వేళ్ల గీతలు అరిగిపోయాయి, మూడుసార్లు తుడిచి పెట్టినా పడలేదు. కంటిపాప తీసుకున్నారు. ఆయన సొంతూరు ఉన్న నాగర్‌కర్నూల్ జిల్లా అని కొడితే దొరకలేదు. ఆ జిల్లా ఏర్పడింది 2016లో, కార్డు అంతకుముందుది. పాత జిల్లా మహబూబ్‌నగర్ అని కొట్టించాక దొరికింది.

కాలనీ సంఘానికి ఇప్పుడు నేనే ఒక అర్జీ రాసి ఇచ్చాను. ఖాళీ చేయించే ముందు పడక చూపించాలి, సామాను తీసుకుంటే రసీదు ఇవ్వాలి, ప్రతి వసతి కేంద్రంలో బళ్లకు ఒక షెడ్డు వేయాలి అని. ఫుట్‌పాత్ నడిచేవాళ్లదేనన్న మాట మీద నాకు పేచీ లేదు. నా కూతురూ దాని మీదే నడవాలి. కానీ ఆ రోజు వ్యాను పెద్దాయనను పంపింది రెండు సందుల అవతలికే.

మిగతావాళ్లలో ఇద్దరి ఆచూకీ మాత్రమే తెలిసింది. పోయిన వారం వాళ్లు కూడా బళ్లతో వచ్చారని నిర్వాహకురాలు ఫోను చేశారు. వరండాలో ఇంకొక్క బండికే చోటుందట.