కోటోర్ కోట మెట్ల మీద

క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ నుంచి మాంటెనెగ్రోలోని కోటోర్ దాదాపు తొంభై కిలోమీటర్లే కదా, పొద్దున బస్సెక్కి సాయంత్రానికి తిరిగి వచ్చేద్దామని నేనూ నా భార్యా అనుకున్నప్పుడు, మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ముందుగా మా పాస్‌పోర్టులు అడిగి తీసుకుని, చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా మీద ‘మల్ట్’, అంటే ఒకటికంటే ఎక్కువసార్లు రావచ్చు, అన్న మాట ఉందో లేదో చూసింది. క్రొయేషియా 2023 జనవరి 1న షెంజెన్‌లో చేరింది. మాంటెనెగ్రో మాత్రం యూరోలు వాడుతున్నా యూరోపియన్ యూనియన్‌లో లేదు. కాబట్టి ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసాతో సరిహద్దు దాటితే వెళ్లడం తేలికే, వెనక్కి రావడమే కుదరదు. మా వీసాలకు ఆ చిక్కు లేదు. షెంజెన్ వీసా చెల్లుబాటులో ఉన్న భారతీయులను 30 రోజుల వరకు వేరే వీసా లేకుండా మాంటెనెగ్రోలోకి రానిస్తున్నారు గనుక, ఒక రాత్రి అక్కడే ఉండేలా గది తీసుకుని బయలుదేరాము.

సరిహద్దులో బస్సు రెండుసార్లు ఆగింది. కండక్టరు పోగుచేసిన పాస్‌పోర్టుల కట్టలో మా రెండే నీలంరంగువి. అధికారి వాటినే పుటపుటా తిప్పి చూశాడు. అక్కడే గంటన్నర గడిచింది.

హెర్సెగ్ నోవి దాటాక రోడ్డు నీటి అంచునే సాగుతుంది. బోకా కోటర్స్కా అనే ఈ అఖాతాన్ని చాలామంది ఫియర్డ్ అంటారు గానీ, ఇది హిమానీనదం తొలిచినది కాదు, సముద్రం ముంచెత్తిన నదీ లోయ. ఒకవైపు ఓర్యెన్, మరోవైపు లోవ్చెన్ పర్వతాలు నిటారుగా లేస్తాయి. వెరిగే అనేచోట నీటిదారి సుమారు 340 మీటర్లకు కుంచించుకుపోతుంది. వెరిగే అంటే గొలుసులు. శత్రు నౌకలు రాకుండా అక్కడ గొలుసులు కట్టేవారని చెబుతారు. ఆ ఇరుకుకు సరిగ్గా ఎదురుగా పెరాస్ట్ కనిపించగానే, అంత చిన్న ఊరు అక్కడే ఎందుకు వెలిసిందో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

కోటోర్ పేరు వింటే మన చెవికి కోటే గుర్తొస్తుంది, ఊరూ అలాగే ఉంది. 1555 నాటి సముద్రద్వారం గుండా లోపలికి వెళ్తే, 1420 నుంచి 1797 వరకు ఏలిన వెనిస్ వారి ముద్ర అడుగడుగునా కనిపిస్తుంది. 1166లో ప్రతిష్ఠించిన సెయింట్ ట్రైఫన్ కెథడ్రల్ అంతకంటే పాతది. ఓడల నుంచి దిగిన జనంతో సందులన్నీ కిక్కిరిసి ఉండడం వల్ల, నిజం చెప్పాలంటే, ఆ మధ్యాహ్నం నాకు ఊరు అంతగా నచ్చలేదు.

ఎండ తగ్గాక కోటకు బయలుదేరాము. మెట్లు సుమారు 1,350. అలిపిరి మెట్లెక్కిన వాళ్లం, ఇదేపాటి అనుకున్నాము గానీ, ఇక్కడ పైన నీడనిచ్చే కప్పు లేదు, అరిగి నున్నబడిన రాయి మీద చెప్పు జారుతుంది. సగం దారిలో, 1518 నాటి మేరీమాత చర్చి దగ్గర, నా భార్య ఇక చాలని కూర్చుండిపోయింది. నేను పైదాకా వెళ్లాను. అక్కడి నుంచి చూస్తే ఊరు గోడల మధ్య ఇరుక్కున్న ఎర్రపెంకుల త్రికోణంలా కనిపించింది.

మర్నాడు ఉదయం ఒక చిక్కు వచ్చిపడింది. విదేశీయులు వచ్చిన 24 గంటల్లోగా తమ బసను నమోదు చేయించుకోవాలి. సాధారణంగా గది ఇచ్చినవారే ఆ పని చేస్తారు, మాకు ఇచ్చినాయన మరిచిపోయాడు. పర్యాటక కార్యాలయానికి మేమే వెళ్లి, పన్ను కట్టి, ముద్ర వేసిన చీటీ తెచ్చుకునేసరికి పెరాస్ట్ బస్సు ఒకటి వెళ్లిపోయింది.

పెరాస్ట్ ఎదుట ఉన్న మాత ద్వీపం మనుషులు కట్టినది. 1452 జులై 22న అక్కడి బండ మీద మేరీమాత చిత్రం దొరికిందని ఐతిహ్యం. అప్పటి నుంచి రాళ్లు వేస్తూ దీవిని పెంచారు. ఇప్పటికీ ఏటా ఆ తేదీ సాయంత్రం పడవల్లో రాళ్లు తెచ్చి వేస్తారు. చర్చి పక్క గదిలో యాసింతా కూనిచ్ అనే ఆమె నావికుడైన భర్త కోసం ఎదురుచూస్తూ 25 ఏళ్లు కుట్టిన పటం ఉంది. దేవదూతల జుట్టును ఆమె తన వెంట్రుకలతోనే కుట్టింది. ముఖం అద్దానికి ఆనేంత దగ్గరగా పెట్టి చూస్తే, ఒక దేవదూత తల ముదురు రంగులోను, మరొక తల తెల్లగాను ఉన్నాయి. నా భార్య అక్కడి నుంచి కదలకపోవడంతో పడవవాడు రెండుసార్లు పిలవవలసి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర ఆ చీటీ ఎవరూ అడగలేదు.