బలం మందుల బిల్లూ బీమా నుంచే రాబట్టాను

నిన్న డబ్బు ఖాతాలో పడింది. కోపం మాత్రం చల్లారలేదు.

గ్యాసు మంటల్లో మా తమ్ముడి ఒళ్లు 40 శాతం కాలింది. ఆసుపత్రిలో చేర్చడం, కాలిన చర్మం తీసి తొడ చర్మం అతికించడం సవ్యంగానే సాగాయి. గుడ్డు పెడితే చీము పడుతుందని చుట్టాలు చేసిన గోలను డాక్టరుగారే ఆపారు.

ఇంతగా కాలితే రోగనిరోధక శక్తి కుప్పకూలుతుందట. పుండ్ల నుంచి మాంసకృత్తులు కారిపోతాయి, కండ కరుగుతుంది, తెల్లరక్తకణాలు ఉన్నా సరిగా పోరాడలేవు. మొదటి గండం దాటినవాళ్లను ఎక్కువగా పొట్టన పెట్టుకునేది ఇన్‌ఫెక్షనే. అరవై కిలోల మనిషికి రోజుకు 90 నుంచి 120 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంత తినలేడు కనుక ముక్కు గొట్టంలో పోశారు. జింకు, సెలీనియం, విటమిన్ సి కూడా ఇచ్చారు.

బీమా కార్యాలయంలో బల్ల అవతలి పెద్దమనిషి సరిగ్గా ఆ బిల్లులనే ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు. "ఇవి టానిక్కులమ్మా. రేపు కోడిగుడ్ల చీటీ కూడా తెస్తారా?" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. డిశ్చార్జి కాగితం మీద ఇంకా తెల్లమలాం మరక ఉంది. దాన్ని వేలి కొనతో నా వైపు తోశాడు. పక్క బల్ల దగ్గరికి వెళితే అక్కడి మేడమ్ ఫైలు తెరవకుండానే "నాన్ మెడికల్" అంది. చదువుకున్నదాన్ని, పది మందిలో నోరు పెగల్లేదు.

ఆ రాత్రే పాలసీ పుస్తకం ముందేసుకున్నాను. మినహాయింపుల్లో 14వది: పౌష్టికాలకు, విటమిన్లకు, ఖనిజాలకు డబ్బు రాదు, ఆసుపత్రి చికిత్సలో భాగంగా డాక్టరు రాస్తే మాత్రం వస్తుంది. వాళ్లకు మొదటి సగమే కంఠస్థం!

ఇవన్నీ చికిత్సలో భాగంగానే రాశానని డాక్టరుగారు ఉత్తరం ఇచ్చారు. ఆయన దేన్నిబడితే దాన్ని రాసే మనిషి కాదు. మాంసకృత్తుల్లో ఉండే గ్లుటమిన్ అనే పదార్థాన్ని పొడిగా ఇస్తే మంచిదని ఎవరో చెబితే నేనే అడిగాను. 1,200 మందికి పైగా కాలిన రోగుల మీద చేసిన పరిశోధనలో లాభం కనబడలేదని 2022లోనే తేలిందంటూ వద్దన్నారు.

ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్లు ముద్ర వేయించుకోండి. నెలలో జవాబు రాకపోతే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆ మాట నా ఫిర్యాదు చివర రాశాకే ఫైలు కదిలింది. బతిమాలుకుంటూ కూర్చుంటే ఇంకా తిప్పేవాళ్లే.

ప్రొటీను పొడి ఇంటి దగ్గరా కొనసాగించమన్నారు. డిశ్చార్జి తర్వాతి ఖర్చులకూ మా పాలసీలో గడువుంది. ఆ బిల్లులతో వచ్చే వారం ఆ పెద్దమనిషి దగ్గరికే వెళుతున్నాను.